లెక్కల తాత చిగుళ్లు

తెల్లకోటు వేసుకుంటే ధైర్యం దానంతటదే వస్తుందని నమ్మిన రోజులవి. రెండు వేల పన్నెండులో, చదువైన కొత్తలో చిక్కడపల్లిలోని ఒక చిన్న పళ్ల ఆసుపత్రిలో చేరాను. మా పెద్ద డాక్టరమ్మ ప్రతి శనివారం నన్ను అశోక్‌నగర్ కమ్యూనిటీ హాలుకు పంపి, అక్కడికొచ్చే పెద్దవాళ్లకు చిగుళ్లు ఎలా కాపాడుకోవాలో చెప్పమనేది. చేతిలో ప్లాస్టిక్ దవడ, దానికి తగిన పెద్ద బ్రష్షు. (అద్దం ముందు ఎన్నిసార్లు వల్లెవేసినా అక్కడికెళ్లాక సగం మరిచిపోయేదాన్ని.) ముందు వరుసలో కూర్చునే రిటైర్డు లెక్కల టీచరుకు నేను పెట్టుకున్న పేరు లెక్కల తాత. చిగుళ్లు వాచి రక్తం వస్తుంటే భయపడి నెలరోజులుగా బ్రష్షే ముట్టలేదట. ఇట్లాగే వదిలేస్తే పళ్లు కదిలిపోతాయి. షుగరుందా, బీపీ ఉందా అని అడిగితే లేవన్నాడు. "రక్తమొచ్చినా ఆపొద్దు తాతా, మెల్లగ తోము, తగ్గుతది" అని చెప్పి, ఇంట్లో చూసి నేర్చుకోమని నా దవడ కూడా ఇచ్చి పంపాను.

మరుసటి శనివారం ఆయన కుర్చీ ఖాళీ. ఆయనకు గుండెలో స్టెంటు ఉందని, రక్తం పలచబడే గోలీలు వాడతాడని పక్కాయన తీరిగ్గా చెప్పాడు. ఆ గోలీల మాట నేను అడగనే లేదు. క్లాసు వదిలేసి, ఆయన ఇల్లెక్కడో కనుక్కుని, కోచింగు పిల్లల హాస్టళ్ల సందుల్లో పడి పరుగెత్తాను. రక్తం ఆగలేదేమో, లేక భయపడి గోలీలే మానేశాడేమో, ఏదైనా నా వల్లే. తీరా చూస్తే ఆయన గేటు ముందు పదిహేను జతల చెప్పులు. అన్ని చెప్పులు ఒక ఇంటి ముందు ఎందుకుంటాయో తెలియని వయసు కాదు నాది. గేటు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను.

కళ్లు తుడుచుకుని లోపలికెళితే, వరండాలో ఆ సందులోని ముసలివాళ్లందరూ నోటినిండా నురగతో వరుసగా కూర్చున్నారు. లెక్కల తాత స్కేలుతో నా ప్లాస్టిక్ దవడ మీద కొడుతూ, వెనక పళ్లు తోమలేదని భార్యను కోప్పడుతున్నాడు. నన్ను చూసి తాపీగా అన్నాడు: "గుండె డాక్టరును అడిగొచ్చిన బిడ్డా. గోలీ ఆపొద్దు, బ్రష్షూ ఆపొద్దన్నడు."

"గోలీల సంగతి నాకెందుకు చెప్పలే తాతా?"

"నువ్వు షుగరు, బీపీ అడిగినవ్. అడిగినదానికి జవాబు చెప్పిన."

ఇప్పుడు ఎవరినైనా నోరు తెరవమనే ముందు వాళ్లు వేసుకునే గోలీలన్నీ అడిగి రాసుకుంటాను. మొన్న ఒక పెద్దావిడ, పన్ను చూడమంటే జాతకం అడుగుతవేంది అని విసుక్కుంది. చెప్పుల కుప్ప ముందు ఏడ్చిన ఆ తెల్లకోటు పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను. తాత ఇప్పుడు లేడు, కానీ పోయేదాకా ఆయన నోట్లో ఉన్నవి ఆయన పళ్లే.