ముప్పై ఆరు ఏంది?

ఆ రోజుల్లో మనుషులు అంకెలతోనే నిద్ర లేచేవారు. పళ్లు తోముకోకముందే వేలికి చిన్న క్లిప్పు తగిలించుకుని, తొంభై ఏడు కనిపిస్తే 'హమ్మయ్య' అనుకుని టీ పెట్టుకునే కాలం. జ్వరం ఎంత, ఎన్నో రోజు, ఎన్నో డోసు అనేవే పలకరింపులు. సరిగ్గా అలాంటి కాలంలో, అంకెలు రాయడమే ఉద్యోగమైన నేను ఒక్క అంకెను తప్పుగా చదివి ఎంత పని చేయబోయానో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ప్రాణం పోయి వచ్చింది.

మేముండేది సూరత్‌లో, నవాగామ్‌లో ఒక అద్దె గదిలో. మా బాపు ఉధ్నాలో మగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. నేను డిగ్రీ అయిపోగొట్టి విమానాశ్రయంలో సరుకు విభాగంలో ట్రైనీగా చేరాను. విమానంలోకి ఎక్కే ప్రతి పెట్టె బరువూ కాగితం మీద రాసి, కూడి, కెప్టెన్ చేతికివ్వడం, అంతే నా పని. కానీ మెడలో కార్డు వేసుకుని బస్సు దిగితే గల్లీలో అందరూ నన్ను 'పైలట్' అని పిలిచేవారు. నేనూ కాదనలేదు (కాదంటే పాపం వాళ్లు బాధపడతారని!). బాపు ఒక్కడే ఈ పైలట్‌ను లెక్క చేసేవాడు కాదు. ఆయన సూరత్ వచ్చిన కొత్తలో సలాబత్‌పురాలో ఒక బట్టల దుకాణంలో పనిచేశాడు. సేఠ్ 'వంద' అంటే వంద మీటర్లు కోసేశాడు. సేఠ్ అడిగింది వంద వార్లు, అంటే గజాలు. ఆనాడు తిన్న తిట్లు ఆయనకు జన్మంతా గుర్తుండిపోయాయి. పరీక్షలో నాకు అరవై వచ్చాయన్నా సరే, "అరవై ఏంది? ఎన్నిట్ల అరవై?" అనేవాడు. "అంకె ఒక్కటే అంటే సగం మాటరా. వారా, మీటరా అని అడగాలె," అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. నేను వింటున్నట్టు తలాడించేవాణ్ని.

కరోనా రెండో అల వచ్చింది. తెలంగాణలోని మా ఊరి దవాఖానలో ఆక్సిజన్‌కు కరువొచ్చింది. బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, ఆ దవాఖానలోనే మంచం మీద ఉన్నాడు. సూరత్‌లో ఉన్న మా ఊరి సాలోళ్లంతా, అంటే నేతవాళ్లంతా, ఒక్కటై, గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్లు పన్నెండు సంపాదించారు. ఎవరికి ముందు పెట్టాలో దవాఖానలో నర్సమ్మ వరస రాసి పెట్టుకుంది. అందులో పెద్దబాపుది ఎనిమిదో నంబరు. మిషన్లయితే దొరికాయి కానీ ఎలా పంపాలి? రైల్లో వేస్తే ఎప్పుడు చేరతాయో దేవుడికే తెలియాలి. అప్పుడు నేను కనిపెట్టాను: ఒక వజ్రాల సేఠ్ గారి చిన్న విమానం మందులు తేవడానికి హైదరాబాద్‌కు ఖాళీగా వెళ్తోందని. సేఠ్‌ను అడిగితే రెండు వందల కిలోల దాకా ఉచితంగా వేసుకోండన్నాడు. ఇక చూడండి నా దర్జా! ఆ సాయంత్రం గల్లీలో నేను నడవలేదు, తేలాను.

పెట్టెలు మా గది ముందుకొచ్చాయి. "కొత్త మిషన్లాయె, బొట్టు పెట్టకుండ ఎట్ల పంపుతం?" అని అమ్మ కొబ్బరికాయ కొట్టింది. అట్టపెట్టె రంగు మీద కుంకుమ ఆనడం లేదని, పక్కన తెల్ల కాగితం అంటించి ఉంటే దాని మీద, '36' అనే పెద్ద అంకెను ఆనుకుని, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. పన్నెండు పెట్టెలకూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట పెట్టింది (మా అమ్మ పనితనం అలాంటిది మరి).

మర్నాడు బాపు టెంపోలో పెట్టెలు గేటు దాకా తెచ్చాడు. లోపల మా సూపర్‌వైజర్‌కు పాజిటివ్ వచ్చి ఇంట్లో పడుకున్నాడు కాబట్టి ఆ రోజు సరుకు విభాగానికి మహారాజును నేనే. మా తూకం మిషన్ చెడిపోయి నెల దాటింది, బాగుచేసేవాడు లాక్‌డౌన్‌లో ఎక్కడో ఇరుక్కున్నాడు. అందుకని పెట్టె మీద ఉన్న బరువే రాసుకోవాలి. ముప్పై ఆరు. పన్నెండు ముప్పై ఆర్లు నాలుగు వందల ముప్పై రెండు. సేఠ్ ఇచ్చింది రెండు వందలు. ఐదు పెట్టెలు ఎక్కించాను, కాగితం కెప్టెన్ మేడమ్‌కు ఇచ్చాను, మిగిలిన ఏడూ బండి మీద పెట్టుకుని గేటు దగ్గరికి తోసుకొచ్చాను. ఆ ఏడింటి బరువు నా గుండె మీదే ఉన్నట్టుంది.

"ఐదేనా?" అన్నాడు బాపు.

"ఐదే బాపు. రెండు వందలు దాటితే పోనియ్యరు."

"అన్న ఎనిమిదోడు గదరా."

బాపు మాస్కు సర్దుకుని, పెట్టెలను మళ్లీ టెంపోలోకి ఎక్కించడానికి వంగాడు. ఈ చేత ఒకటి, ఆ చేత ఒకటి ఎత్తాడు. ఎత్తి అట్లాగే ఆగిపోయాడు.

"ఎంత రాసినవ్?"

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరు ఏంది?"

"కిలోలే బాపు, ఇంకేముంటయి!"

"షెడ్డుల దారం పెట్టె ముప్పై ఆరు కిలోలుంటది. రోజూ ఎత్తుత. దాన్ని ఒక్క చేత లేపెటోడు ఇంక పుట్టలేదు. ఇది దాంట్ల సగం గూడ లేదు. ఇది ముప్పై ఆరు కిలోలైతే నా మీసం తీసేస్త. అడిగినవార? వారా, మీటరా?"

పెట్టె దించి, బొటనవేలు తడి చేసుకుని అమ్మ పెట్టిన బొట్టును రుద్దాడు. ఎర్రటి మరక కింద నుంచి 'lb' అని రెండు ఇంగ్లిషు అక్షరాలు మెల్లగా బయటికొచ్చాయి. పౌండ్లు!

ఓరి నాయనో! విమానం బయలుదేరడానికి ఇంకా అరగంట ఉంది. నిజం చెబుతున్నాను, మొదట నాకు గుర్తొచ్చింది పెద్దబాపు కాదు, నా ఉద్యోగం. 'కాగితంలో బరువు తప్పు రాస్తే ఆ రోజే ఇంటికి' అని సూపర్‌వైజర్ మొదటి రోజే చెప్పాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, విమానం తేలికగానే ఎగిరిపోతుంది. బాపు ఎర్రబడిన బొటనవేలిని చొక్కాకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను పరిగెత్తాను. ఒంటి మీద పీపీఈ కిట్టు, కళ్లద్దాల నిండా ఆవిరి. దారి కనబడక ఒక స్తంభానికి సారీ కూడా చెప్పాను.

"మేడమ్! నాది తప్పు! అవి పౌండ్లు! రెండు పాయింట్ రెండు... ఒక్కో పెట్టె డెబ్బై తొమ్మిది కిలోలు!"

భాగించాల్సిన చోట గుణించానన్నమాట. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, హిందీలో నెమ్మదిగా అంది: "అయితే లోపలున్న ఐదింటిలో మూడు దించేయాలి. అదేనా భాయ్ నువ్వు చెప్పడానికొచ్చింది?"

"కాదు మేడమ్! దించడానికి కాదు, ఎక్కించడానికి!" ఏడుపు ఒక్కటే తక్కువ నాకు.

ఆమె అక్కడికక్కడే నా లెక్కలన్నీ పక్కన పెట్టేసింది. ప్రయాణికుల వైపు మూసి ఉన్న కౌంటర్ తెరిపించి, సామాను తూచే మిషన్ మీద పన్నెండు పెట్టెలూ ఒక్కొక్కటిగా పెట్టించింది. పదహారు కిలోల మూడు వందల గ్రాములు. రెండోది అంతే. మూడోదీ అంతే. అన్నీ కలిపి రెండు వందలకు నాలుగు కిలోల పైచిలుకు తక్కువ! నేను కొత్త కాగితం రాస్తే ఆమె ప్రతి అంకె పక్కనా 'కిలోలు' అని రాయించింది. "ఈసారి నీ తప్పు బరువును పెంచింది కాబట్టి బతికిపోయాం. తగ్గించి ఉంటే రన్‌వే చివర నాకు తెలిసేది," అంది. వెళ్తూ వెళ్తూ, "తప్పు చేసినవాడే పరిగెత్తుకొచ్చి చెప్పాడని మీ సూపర్‌వైజర్‌కు రాస్తాను," అంది. ఉద్యోగం నిలిచింది.

పన్నెండు మిషన్లూ ఆ రాత్రికల్లా దవాఖాన చేరాయి. నాలుగో రోజు పెద్దబాపు ఫోన్ చేశాడు. గొంతు పీలగా ఉంది. "మీ అమ్మ పెట్టిన బొట్టేదిర? నా డబ్బ మీద అంత ఎర్రగ పులిమి ఉన్నది," అన్నాడు. అమ్మ ఆ మాట విని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, వెంటనే బాపు మీద విరుచుకుపడింది: "బొట్టు తుడుస్తర ఎవలన్న? జర బుద్ధుండాలె!"

వానలు తగ్గాక పెద్దబాపు సూరత్ వచ్చాడు. ఉధ్నా స్టేషన్‌లో రైలు మెట్టు మీద నిలబడి దిగడానికి తటపటాయిస్తుంటే, బాపు రెండు చేతులా అన్నను ఎత్తి ప్లాట్‌ఫాం మీదికి దించాడు. దించినా వదలలేదు. "యాభై రెండున్నవే అన్న. పది తగ్గినవ్," అన్నాడు.

ఈ మధ్య నేను కూడా ట్రైనీలకు పాఠం చెబుతున్నాను. జుట్టు పలచబడింది, 'యాభై ఏంది, ఎన్నిట్ల?' అని అడిగే జబ్బు నాకూ అంటుకుంది, పిల్లలు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. ఎవరు ఏ అంకె చెప్పినా అడగకుండా ఉండలేను. బాపు చెప్పిన ఆ యాభై రెండును మాత్రం నేనేమీ అడగలేదు.