పదకొండు గుర్తులు

మా బాబాయికి కోర్టు వెనక వీధిలో జిరాక్స్ షాపు ఉండేది. రెండు మిషన్లు, ఒక లామినేషన్ పెట్టె, గోడకి ఆనించిన బల్ల. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఫ్యాను ఎక్కడ బిగించాలో కూడా పిన్నే చెప్పేది. ఆయన్ని సలహా అడిగినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి భయం కారణం కాదని ఆయనే నాతో ఒప్పుకున్నాడు. భయపడి చేశానంటే జనం సర్లే పాపం అంటారు. ఆయన సంబరపడి చేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం మఫ్టీలో ఒక ఇన్‌స్పెక్టరు షాపుకొచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, రోజూ వందమందిని చూసే మీకు తెలిసినట్టు మనుషుల సంగతి మాకు తెలియదండీ అన్నాడట. తీవ్రవాద రాజకీయాల వైపు పోయేవాళ్లని ముందే పసిగట్టాలని పైనుంచి ఆదేశాలొచ్చాయి. ఒక కాగితం చేతిలో పెట్టాడు. అందులో పదకొండు గుర్తులు. ఒకే కాగితాన్ని యాభైకి మించి కాపీలు తీయించడం, తీస్తున్నంతసేపూ చేత్తో కప్పడం, నలిగిన కాపీలు కూడా వదలకుండా పట్టుకెళ్లడం, 'సమ్మె', 'హక్కు' లాంటి మాటలు, ఫోన్ నంబరు ఇవ్వకపోవడం, ఇలా. ఐదు కలిస్తే, దాంతోపాటు ఇచ్చిన ఫారంలో ఆ మనిషి పేరు రాయాలి.

బాబాయి ఆ గుర్తుల కాగితాన్ని లామినేషన్ చేసి సొరుగులో పెట్టుకున్నాడు. ఇంట్లో కాస్త గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈయనకి బీపీ ఏమైనా వచ్చిందా అని పిన్ని కంగారుపడింది.

రెండు వారాలు గడిచినా ఎవరూ తగల్లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి, ఖాళీ ఫారం చూసి, పల్లెత్తు మాట అనకుండా చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు. బాబాయికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు లెక్కల టీచరమ్మ వచ్చింది. పక్క సందులో ఉంటూ మిల్లు కార్మికుల పిల్లలకి సాయంత్రాలు ట్యూషన్ చెప్పేది. తొమ్మిదేళ్లుగా ఏ కాపీ కావాలన్నా మా బాబాయి దగ్గరికే. ఆరోజు డెబ్భై కాపీలు అడిగింది. చేత్తో కప్పింది. నలిగినవి కూడా అడిగి మరీ తీసుకుంది. కాగితంలో 'సమ్మె' అన్న మాట కనబడనే కనబడింది. నంబరు రాసుకుంటానంటే, "నాకెందుకండీ ఫోన్లు, మీరిక్కడే ఉంటారుగా" అని నవ్వింది. నంబరు ఇవ్వడానికి నిరాకరించింది అని బాబాయి రాశాడు. ఐదూ కలిశాయి.

అది పరీక్ష పేపరు. ఏ టీచరైనా దాన్ని కప్పుకునే తీయిస్తుంది. ఏడో ప్రశ్న: ఒక మిల్లులో రెండువందల నలభైమంది కార్మికులున్నారు, మూడోవంతు సమ్మెలో ఉంటే పనిలో ఉన్నవాళ్లెందరు?

నీకా సంగతి అర్థం కాలేదా అని తర్వాతెప్పుడో అడిగాను.

"అర్థమయ్యే రాశాన్రా. ఇది పరీక్ష పేపరు అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు" అన్నాడు.

టీచరమ్మని నాలుగు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి ప్రశ్నించారు. ఇల్లంతా చిందరవందర చేసి, నోటు పుస్తకాలు మూటగట్టి పట్టుకుపోయారు. ఏమీ దొరకలేదు. వదిలేశారు గానీ పేరు మాత్రం జాబితాలోంచి తీయలేదు. ప్రతి సోమవారం స్టేషనుకెళ్లి సంతకం పెట్టిరావాలి. ఈ మాట బయటికి పొక్కగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. ఇన్‌స్పెక్టరు మాత్రం షాపుకొచ్చి బాబాయి భుజం తట్టాడు.

నెల తర్వాత టీచరమ్మ మళ్లీ వచ్చింది. లాయరుకివ్వాలి, వీటికి కాపీలు తీయండి అని ఒక కట్ట ఇచ్చింది. మూడో కాగితం అద్దం మీద పెట్టబోతూ బాబాయి ఆగిపోయాడు. ఆయన రాసిన ఫారమే. లాయరు కోర్టు ద్వారా తెప్పించాడు. రాసినవారి పేరు మీద నల్లసిరా పూశారు. అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

"మీ 'ళ' తోక నాకు తెలుసండీ," అంది టీచరమ్మ. "తొమ్మిదేళ్ల బిల్లులున్నాయి మా ఇంట్లో."

తిట్టడానికి రాలేదని ఆవిడే చెప్పింది. తను చూసింది ప్రశ్నపత్రమేనని ఆయనొక కాగితం రాసిస్తే, లాయరు దాన్ని జడ్జిగారి ముందు పెడతాడు. అంతే కావాలి.

"చూద్దాం టీచరమ్మా" అన్నాడు బాబాయి.

పందొమ్మిది రోజులు చూశాడు. షాపు మూయిస్తారేమో అనుకున్నాడు, వీధిలో తలెత్తుకోలేనేమో అనుకున్నాడు. ఆవిడ షాపు ముందునుంచి నడిచి వెళ్తుంటే మిషను మూత ఎత్తి లోపలేదో వెతుకుతున్నట్టు వంగేవాడు. చివరికి సొరుగులోని కాగితం పిన్ని కంటబడింది. నిలబడే మొత్తం చదివింది.

"ఈ లెక్కన ముందు దొరికేది మీరే. ఈ వీధిలో యాభైకి మించి కాపీలు తీసేది మీరేగా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవర్ని రాశారు?" అని అడిగింది.

చెప్పాడు. పిన్ని ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే బాబాయి లాయరు దగ్గరికి వెళ్లి రాసిచ్చాడు.

కోర్టుకి నేనూ వెళ్లాను. మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగారు. లేదన్నాడు. మరి ఎందుకు రాశారన్నారు.

"ఫారం ఖాళీగా ఉందని నవ్వారండీ," అన్నాడు బాబాయి.

వెనక బెంచీల్లో జనం గొల్లుమన్నారు. ఆయన సాక్షుల బోను కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

టీచరమ్మ పేరు కొట్టేశారు, సోమవారాల సంతకం రద్దయింది. పదకొండు గుర్తుల కాగితాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. బస్టాండు దగ్గర ఇంకో జిరాక్స్ షాపులో నేనే చూశాను. మానేసిన పిల్లల్లో ఇద్దరే తిరిగొచ్చారు.

టీచరమ్మ ఇప్పటికీ కనబడితే బాబాయిని బాగున్నారా అని పలకరిస్తుంది. బాగున్నానని చెప్పడానికి ఆయనకి మొహం చెల్లదు. నాతో ఒకసారి అన్నాడు: "పేరు రాయడం ఒక్క నిమిషం పనిరా, బుద్ధి గడ్డి తిని రాశాననుకుంటాను. కానీ చూద్దామన్నాక మూడు సోమవారాలు గడిచాయి. మూడుసార్లూ ఆవిడ నా షాపు ముందునుంచే వెళ్లింది."