ఒక్క టికెట్టు చాలన్న ఎస్తేరు టీచరుగారు

ఈ పొద్దున మా ఆవిడ నాగమణి పెసరకట్టు కాచింది. అల్లం, జీలకర్ర, నాలుగు మిరియాలు దంచి వేసి, పైన ఇంగువ పోపు పెట్టేసరికి ఆ వాసన వంటింట్లోంచి వరండా దాకా వచ్చింది. చదువుతున్న పేపరు ఒళ్ళో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎవరికైనా అది జ్వరపడి లేచినవాళ్ళకు పెట్టే పథ్యం. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఎస్తేరు టీచరుగారు గుర్తుకొస్తారు. బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకునే ముందు పదిహేను రోజులు నేను ఆ కట్టు తాగే బతికాను. దాన్ని ఎలా కాయాలో నాగమణికి నేర్పింది ఆవిడే. "పలచగా ఉండాలమ్మా, అలాగని నీళ్ళలా ఉండకూడదు. తాగినవాళ్ళకి భోజనం చేశామనిపించాలి" అన్నారట. వంట గురించి కూడా అంత మర్యాదగా మాట్లాడే మనిషి.

అప్పట్లో నేను ఏలూరు - తాడేపల్లిగూడెం బస్సులో కండక్టరుని. నా బరువు నూట ముప్ఫై ఎనిమిది కిలోలు. బస్సులో రెండు వరసల సీట్ల మధ్య దారి ఎంత ఉంటుందో మీకు తెలుసు. నేను ఒక పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి, కూర్చున్నవాళ్ళ భుజాలకు తగులుతూ నడిచేవాణ్ణి. "కండక్టరుగారొస్తున్నారు, కాళ్ళు లోపలికి పెట్టుకోండర్రా" అని ఎవరో ఒకరు అనేవారు. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. అదొక అలవాటైపోయింది.

ఎస్తేరు టీచరుగారు వట్లూరులో ఉండేవారు. భీమడోలు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. రోజూ పొద్దున ఏలూరులో మా బస్సెక్కి, డ్రైవరు వెనక ఇద్దరు కూర్చునే సీట్లో ఒక్కరే కూర్చునేవారు. ఆవిడ కూడా నాలాంటి మనిషే. టికెట్టు అడిగితే రెండు కొట్టమనేవారు. మొదటిసారి నాకు అర్థంకాక "రెండోవారు ఎక్కడండీ?" అని అడిగాను. "రెండూ నాకేనండీ. పక్కన ఎవరికీ చోటుండదు కదా" అన్నారు, చాలా మామూలుగా. నాకు తలెత్తి చూడాలనిపించలేదు. ఆ మాట నన్ను గురించే అన్నట్టు అనిపించింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి అడక్కుండానే రెండు టికెట్లూ చించి ఇచ్చేవాణ్ణి.

ఒకసారి ఆవిడ సెలవు పెట్టారు. ఏడెనిమిది నెలలు కనిపించలేదు. బదిలీ అయిపోయిందేమో అనుకున్నాను. ఒకరోజు అదే సీట్లో కిటికీ పక్కన ఎవరో కూర్చున్నారు. పక్కన ఒక ముసలావిడ కూరగాయల సంచీతో సర్దుకుని కూర్చుంది. "భీమడోలు ఒకటండీ. ఇకనుంచి ఒక్కటే చాలు" అన్న గొంతు విని ఉలిక్కిపడ్డాను. మొహం సగమైంది. కళ్ళజోడు, నవ్వు మాత్రం అవే. "టీచరుగారూ, మీరేనాండీ?" అన్నాను. "ఆయ్, నేనేనండీ. మిగతాది హైదరాబాదులో వదిలేసొచ్చాను" అన్నారు. బస్సంతా వినేలా నవ్వాను. కానీ ఏం చేయించుకున్నారో, ఎలా చేయించుకున్నారో అడగడానికి రెండు నెలలైనా నోరు రాలేదు. అడిగితే నా సంగతి ఒప్పుకున్నట్టవుతుందని బెరుకు.

చివరికి అడగకుండానే ఆ రోజు వచ్చింది. వానాకాలం, బస్సు కిక్కిరిసి ఉంది. గుండుగొలను దాటాక వెనక సీట్ల దగ్గర ఒక గర్భిణి స్పృహ తప్పింది. "కండక్టరుగారూ, ఇటు రండి!" అని కేకలు. నేను ముందు తలుపు దగ్గరున్నాను. మధ్యలో నిలబడ్డవాళ్ళను దాటి వెళ్ళడం నావల్ల కాలేదు. విజిల్ వేసి బస్సాపించి, ముందు నుంచి దిగి, వెనక తలుపు దగ్గరకు పరిగెత్తాను. ఎంత దూరం, ఒక బస్సు పొడుగు. నేను చేరేసరికి ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆమెను కూర్చోబెట్టి మొహాన నీళ్ళు చల్లారు. ఆమె కళ్ళు తెరిచింది కూడా. నాకే ఊపిరి అందలేదు. కళ్ళు మసకలు కమ్మాయి. రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. జనం ఆమెను వదిలి నా చుట్టూ మూగారు.

టీచరుగారు దిగి వచ్చి, గొడుగు విప్పి, నాకూ జనానికీ మధ్య అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. చినుకులేవీ పడటం లేదు. నన్నెవరూ చూడకుండా పట్టిన గొడుగది. తన సీసా నా చేతికిచ్చి "ఒక్కొక్క గుక్కే తాగండి, తొందరేం లేదు" అన్నారు. నా ఊపిరి కుదుటపడ్డాక అన్న మాట ఒక్కటే: "ఆదివారం మధ్యాహ్నం వట్లూరు మా ఇంటికి రండి. మీ ఆవిడ్ని కూడా తీసుకురండి."

వెళ్ళాం. చిన్న పెంకుటిల్లు, ముందు వసారా. ఎవరింటికి వెళ్ళినా నేను ముందు కుర్చీల వైపు చూసేవాణ్ణి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలైతే నిలబడే మాట్లాడి వచ్చేసేవాణ్ణి. ఆ వసారాలో ఒక్క కుర్చీ లేదు. గోడవారగా టేకుచెక్కతో చేయించిన రెండు పొడుగాటి బల్లలున్నాయి. "మనలాంటివాళ్ళు భయపడకుండా కూర్చోవాలని చేయించానండీ" అన్నారు. నేను కూర్చున్నాను. బల్ల కిర్రుమనలేదు. నా వయసు అప్పటికి ముప్ఫై ఎనిమిది. పరాయి ఇంట్లో నిర్భయంగా కూర్చున్న సందర్భం అంతకు ముందు ఒక్కటీ గుర్తులేదు.

అక్కడే నారాయణరాజుగారు పరిచయమయ్యారు. ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులున్న ఆసామి. టీచరుగారి తరవాత మూడు నెలలకు ఆయనా అదే ఆపరేషన్ చేయించుకున్నారు. ఆయనకు దాపరికం లేదు. "మొదటి నెల నరకమేనండి. రెండు చెంచాలు ఎక్కువ తాగితే కక్కుకోవడమే. జుట్టు రాలింది. మా ఇంట్లో పులసలు వండుకుంటే నేను గేదెల దగ్గరికెళ్ళి కూర్చున్నాను. కానీ ఇప్పుడు నా చెరువు గట్టు చుట్టూ నేనే నడుస్తున్నాను" అన్నారు. నాగమణి భయంతో నా చెయ్యి పట్టుకుంది. "శుభ్రంగా ఉన్న కడుపుని కోయించుకోవడమేంటండీ? ఇంట్లో తిండి తగ్గిస్తే చాలదా?" అంది.

టీచరుగారు ఆ ప్రశ్నను కొట్టిపారెయ్యలేదు. "తగ్గించి చూశారు కదమ్మా, ఎన్నిసార్లు?" అని అడిగారు. నాగమణి వేళ్ళ మీద లెక్కపెట్టి మధ్యలో ఆపేసింది. తరవాత మెల్లగా, నిద్రలో నా ఊపిరి ఆగిపోతుందేమోనని తను పడుకోకుండా కాపలా కాసే సంగతి చెప్పింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

టీచరుగారికి ఆపరేషన్ చేసిన హైదరాబాదు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ముందు నా అంతట నేనే పది కిలోలు తగ్గి రమ్మన్నారు. కాలేయంలో కొవ్వు కరిగితేగాని కత్తి పట్టనన్నారు. చుట్ట మానాలి. రోజూ నడవాలి. చిన్న ముద్ద తీసుకుని బాగా నమిలి మింగడం, భోజనం మధ్య నీళ్ళు తాగకపోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి. టీచరుగారు ప్రతి ఆదివారం మమ్మల్ని పిలిచి ఇవన్నీ బడిపిల్లలకు ఎక్కాలు నేర్పినట్టు నేర్పారు. పెద్ద కంచం అటక ఎక్కించి, కాఫీ సాసరులో పెట్టుకుని టీచెంచాతో తినమన్నారు. డబ్బు ఎలా సర్దుకున్నామన్నది వేరే కథ, ఇక్కడ అక్కర్లేదు. అసలు కష్టం డబ్బు దగ్గర రాలేదు, నా దగ్గరే వచ్చింది.

తాడేపల్లిగూడెం బస్టాండులో మా బస్సు అరగంట ఆగేది. ఎదురుగా ఉల్లిపకోడీ కొట్టు. ఇంట్లో సాసరులో తిని, అక్కడ పొట్లం కట్టించుకునేవాణ్ణి. నెలన్నర తరవాత హైదరాబాదు వెళ్తే బరువు కిలో కూడా తగ్గలేదు. డాక్టరుగారు ఆపరేషన్ తేదీ వాయిదా వేశారు. ఆ ఆదివారం వట్లూరు బల్ల మీద కూర్చుని "చెప్పినవన్నీ చేస్తున్నానండీ. నా ఒళ్ళే అంత" అన్నాను. నాగమణి పాపం నా తరఫున ఒట్టేసింది.

టీచరుగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నేనైతే సున్నుండలు దాచుకునేదాన్ని. స్కూల్లో లెక్కల బీరువా ఉంది చూశారూ, సుద్దముక్కల డబ్బాల వెనకాల. డాక్టరుగారికి అబద్ధం చెప్పాను, మా అమ్మకి చెప్పాను, చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని కూడా ఆ మాట ఎత్తలేదు. నా తేదీ రెండుసార్లు వెనక్కి పోయిందండీ" అన్నారు. నన్నేమీ అడగలేదు.

"పకోడీలండీ" అన్నాను. "రోజూ."

నాగమణి నా వైపు తిరిగింది. తిడుతుందో ఏడుస్తుందో తెలియలేదు. "నేను వేసేవాటికంటే బాగుంటాయా?" అంది. నారాయణరాజుగారు ముందు నవ్వారు. తరవాత అందరం నవ్వాం, నాగమణి కళ్ళొత్తుకుంటూ నవ్వింది. బస్సులో నవ్వే నవ్వు వేరు, ఇది వేరు. చాలా రోజులకు కడుపులో బరువు దిగినట్టయింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం ట్రిప్పులో మా బస్సు తాడేపల్లిగూడెం చేరే వేళకు నా సెల్‌ఫోను మోగేది. టీచరుగారికి అది భోజనం బెల్లు వేళ. "ఎక్కడున్నారండీ?" "స్టేషను వైపు నడుస్తున్నానండీ." "కొట్టు దాటేశారా?" "ఆయ్, దాటేశానండీ." "అయితే నేను అన్నం తింటాను" అని పెట్టేసేవారు. దాటానని నేను చెప్పేదాకా ఆవిడ క్యారేజీ విప్పేవారు కాదని తరవాత తెలిసింది. రెండు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను.

ఆపరేషన్ రోజున ఆవిడ సెలవు పెట్టుకుని మాతోపాటు హైదరాబాదు వచ్చారు. నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు స్ట్రెచరు పక్కన నాగమణీ, ఆవిడా నిలబడ్డారు. ఉన్నట్టుండి "టీచరుగారూ, నేను తిరిగి రాకపోతే?" అన్నాను. ఏమీ కాదని అంటారనుకున్నాను. ఆవిడ అలా అనలేదు. "ఆ భయం నాకూ ఉందండీ. ఇప్పుడు కూడా వద్దని చెప్పొచ్చు మీరు. వద్దంటే ముగ్గురం సాయంత్రం బండికి ఏలూరు వెళ్ళిపోదాం. నేనేమీ అనుకోను. ఆదివారం మామూలుగానే రండి" అన్నారు. నిజంగానే అన్నారని ఆ మొహం చూస్తే తెలిసింది. ఎవరి కోసమో, ఎవరో తోస్తే వెళ్ళడం లేదని అప్పుడే నాకూ అర్థమైంది. "వెళ్తానండీ" అన్నాను. తలుపులు మూసుకుపోయాక ఆవిడ ప్రార్థన చేసుకున్నారట, నాగమణి వేంకటేశ్వరస్వామికి మొక్కుకుందట. ఎవరి దేవుడితో వాళ్ళు మాట్లాడుకున్నా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదని నాగమణి చెప్పింది.

నారాయణరాజుగారు చెప్పిన నరకం నిజమే. ఆ నెలంతా ఆయనే రోజూ ఫోను చేసి, ఏ పూట ఏది ఎంత తాగాలో చెప్పేవారు. తరవాత నెమ్మదిగా బట్టలు వదులయ్యాయి. డ్యూటీలో చేరిన ఆరో నెలలో, నిండు బస్సులో ముందు నుంచి వెనకదాకా తిన్నగా నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ గమనించలేదు కూడా.

మరుసటి ఏడు చలికాలంలో టీచరుగారు, నారాయణరాజుగారు, మేమిద్దరం కలిసి కొల్లేరు మధ్యనున్న కొల్లేటికోట వెళ్ళాం. టీచరుగారి తండ్రి పాస్టరుగా లంక గ్రామాలకు తిరిగేవారట. కూతురు బరువుకి దోనె ఒరుగుతుందని ఆమెను ఎప్పుడూ ఎక్కనిచ్చేవారు కాదట. "గట్టు మీద అందరి చెప్పులకీ నేను కాపలా" అన్నారు. ఆ రోజు పడవవాడు గెడ పట్టుకుని మమ్మల్ని ఒకసారి చూసి "రండి, ఎక్కండి" అన్నాడు. టీచరుగారు కదల్లేదు. "నలుగురికీ ఆగుతుందా బాబూ?" అని అడిగారు. "జాతరకి పదిమందిని ఎక్కిస్తామండి. కూర్చోండమ్మా, ఎండెక్కుతోంది" అని విసుక్కున్నాడు అతను. ఆవిడ ఎక్కి కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టారు. తూడుపొదల్లోంచి కొంగలు లేచాయి. చాలాసేపటికి "చూశారా, నన్ను మధ్యలో కూర్చోమని కూడా చెప్పలేదు" అన్నారు. అంతే. గట్టు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు.

టీచరుగారు పోయి నాలుగేళ్ళయింది, వేరే జబ్బుతో. ఆదివారాలు ఇప్పుడు ఏలూరులో మా ఇంట్లో జరుగుతున్నాయి. ఆపరేషన్ ఆలోచనతో కొత్తవాళ్ళు వస్తే ముందు నా పకోడీల అబద్ధం సంగతే చెబుతాను. తేదీ దగ్గరపడ్డవాళ్ళకు, వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చని కూడా చెబుతాను. ఆ మాట చెప్పడం తేలిక, దానికి నిలబడటం ఎంత కష్టమో మొన్ననే తెలిసింది. పెదపాడు నుంచి వచ్చే రమాదేవి అనే టైలరమ్మ, అన్నీ సిద్ధం చేసుకుని, బయల్దేరే ముందు రోజు వచ్చి "నాకు వద్దండీ, చేయించుకోలేను" అంది. ఆరు నెలల శ్రమ. నచ్చజెప్పాలని నోటిదాకా వచ్చింది. టీచరుగారైతే ఏం చేసేవారో నాకు తెలుసు. "సరేనమ్మా, నీ ఇష్టం" అని ఊరుకున్నాను.

తరవాతి ఆదివారం అందరికంటే ముందు ఆమే వచ్చింది. గేటు దగ్గర ఆగి "నేను మానేశాను కదండీ, అయినా రావచ్చా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా నాగమణి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ రోజు మొదట మాట్లాడింది రమాదేవే, తను ఎందుకు మానుకుందో. మేమంతా విన్నాం.