చిన్న లైను బండి, మా బాబాయి

మా బాబాయి రైల్వేలో టైమ్ టేబుళ్ళు వేస్తాడు. ఏ బండి ఎక్కడికి ఎన్నింటికి చేరాలో తేల్చేది ఆయనే. ఇంట్లో కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైనా సంజాయిషీ అడిగే మనిషి. పిన్ని మాత్రం "ఆ డాబు మీ బండ్ల దగ్గర చూపించుకోండి" అని గ్లాసు టక్కున పెట్టేది.

ఆయన ముద్దుబిడ్డ చిన్న లైను బండి. రెండు పెట్టెలు, తొమ్మిది కిలోమీటర్లు, చివర జంక్షన్. ఏళ్ళ తరబడి ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. అందుకు ఆఫీసువాళ్ళిచ్చిన షీల్డు మా వాళ్ళ హాల్లో పెళ్ళి ఫోటోకన్నా పైన ఉండేది.

అలాంటి లైనుకే గండం వచ్చింది. దాని వంతెన పాతబడింది. కొత్తది కట్టడానికి డబ్బు పెట్టాలా, లేక లైను మూసేసి ఆ డబ్బుతో పెద్ద లైనుకు పెట్టెలు కొనాలా అని పెద్దాఫీసులో చర్చ. ఎంతమంది ఎక్కుతున్నారో చూసి రమ్మని బాబాయినే పంపారు. బండిని ఎలాగైనా బతికించుకోవాలని ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు. విడ్డూరమేమిటంటే, ఆ బండి ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి.

బండిలో ఆరుగురే ఉన్నారు. అందులో ఒకడు డ్రైవరు బావమరిది, ఊసుపోక ఎక్కాడు. సరిగ్గా ఏడూ నలభైకి జంక్షన్ వచ్చింది. బాబాయి వాచీ చూసుకుని మురిసిపోతుంటే, ఎదుటి సీటులో తెల్లచీర యూనిఫారంలో ఉన్న ఓ నర్సమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏం లాభమండీ? మా ఆస్పత్రివైపు వెళ్ళే పెద్ద బండి ఏడున్నరకే పోయింది. మళ్ళీ గంటన్నర దాకా ఇంకోటి లేదు. ఇవాళ సైకిలు పంక్చరై ఇదెక్కాను గానీ, పదకొండేళ్ళుగా జంక్షన్ దాకా తొక్కుకుంటూనే వస్తున్నాను."

బాబాయి చొక్కా చెయ్యి వాచీ మీదికి లాక్కున్నాడు. పదకొండేళ్ళ కిందట పెద్ద బండి పావుగంట ముందే బయల్దేరేలా మార్చింది తనే. చిన్న బండి సంగతి మరిచిపోయాడు.

"ఫిర్యాదు చెయ్యలేదా అమ్మా?" అని నీళ్ళు నమిలాడు.

"రెండుసార్లు రాశాం. బండి సమయానికే నడుస్తోందని జవాబొచ్చింది."

ఆ జవాబులు రాసిందీ ఈయనే.

ఇంకొకరైతే ఆరుగురని రాసేసి చేతులు దులుపుకునేవారు. మా బాబాయి మొండివాడే గానీ దొంగ కాదు. కమిటీ ముందు నిలబడి, "జనం లేక కాదండీ, నా తప్పువల్ల ఖాళీగా తిరుగుతోంది. ఇరవై నిమిషాలు ముందు నడిపి ఒక్క నెల చూడండి" అన్నాడు. చీవాట్లు బాగానే పడ్డాయి. అడిగిన నెల కూడా దొరికింది.

మొదటివారం నలభైమంది ఎక్కారు. నెలాఖరుకి నిలబడటానికీ చోటు లేదు. వంతెనకు డబ్బు మంజూరైంది. ఆ కబురు స్వయంగా చెప్పాలని బాబాయి సాయంత్రం జంక్షన్‌కు పరిగెత్తి నర్సమ్మను పట్టుకున్నాడు.

"లైను నిలబడిందమ్మా! ఇక రోజూ హాయిగా బండిలోనే వెళ్ళొచ్చు."

"ఎంత చల్లని మాట చెప్పారండీ!" అందావిడ. "నాకైతే ఇవాళే ఆఖరి రోజు, రిటైరయ్యాను. మాది మొదటి స్టేషను కదా, ఈ నెలంతా కిటికీ పక్కనే కూర్చుని వెళ్ళాను. ప్రాణానికి ఎంత సుఖంగా ఉందో!"

పదకొండేళ్ళు తొక్కిన సైకిలు గురించి ఒక్క ముక్క నిష్ఠూరంగా అనలేదు. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. బండి కదిలాక ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. బాబాయి తిరిగి ఊపలేకపోయాడు.