మా మరిది రాయడం మానేసిన సంగతి

“ఆ ముక్క రాయొద్దంటే రాయొద్దు.”

“ఎందుకు రాయొద్దు నానమ్మా? ఇన్నేండ్లల్ల నువ్ ఒక్క మాటన్న చెప్పినవా? నేనే ఖమ్మం పోయి తెలుసుకొచ్చిన. ఇప్పుడు వద్దంటే ఎట్ల?”

“సగమే తెలుసుకొచ్చినవ్.”

“అయితే మిగిలిన సగం చెప్పు.”

“నీకెందుకే? చచ్చినోని మీద బురద చల్లితే నీకేమన్న బిరుదిస్తరా?”

“నేను చల్లుతున్ననా? ఊరు ఎప్పుడో చల్లింది. పెద్దమనుషుల దగ్గర పైసలు తీసుకొని వార్త మింగిండని బూర్గంపాడుల ఎవర్నడిగినా చెప్తరు. ఖమ్మం పేపరాఫీసుల పాత సారు గూడ గదే అన్నడు. ఆ వార్త మాకు రానేలేదమ్మా, మీ తాత పంపనేలేదు అన్నడు. మంచోడు మంచోడని రాసి ఇదొక్కటి దాస్తే, నేనేం విలేకరిని?”

ఈ మాట అన్నది నా కొడుకు కూతురు. మా మండలంలో ఒక పేపరుకు వార్తలు రాస్తుంది. మండలంలోని విలేకరులంతా కలిసి పాతకాలపు విలేకరుల మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. మా మరిది గురించి, అంటే దాని చిన్న తాత గురించి, రాసే పని దానికి అప్పజెప్పారు. మూడు నెలలు తిరిగింది. లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసింది, ఆయనతో పనిచేసినవాళ్ల ఇళ్లకు పోయింది. రాసింది నాకు చదివి వినిపిస్తుంటే నేను మిరపకాయల తొడిమలు తీస్తూ విన్నాను. ఆయన చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపించిన సంగతి చదివింది. చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టడం తప్పని ఆయన రాసిన సంగతి చదివింది. చివరికి వచ్చి, ‘ఒక ముసలామె ప్రాణం నిలబెట్టగల వార్తను ఆయన పంపలేదు, ఎందుకో ఆయనకే తెలియాలి’ అని చదివింది. అక్కడే నేను ఆపాను.

ఎందుకో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

మా మరిది మా ఇంట్లోనే ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. పొద్దున సైకిల్ మీద అడవి అంచు ఊళ్లు తిరిగేవాడు, సాయంత్రం వచ్చి దీపం ముందు కూర్చుని రాసేవాడు. రాసింది కొట్టేసి మళ్లీ రాసేవాడు. కాగితమూ కిరసనాయిలూ దండగని నేను తిట్టేదాన్ని. తిడుతూనే, వెనకవైపు ఖాళీగా ఉన్న కాగితం ఎక్కడ కనబడినా ఏరి ఇచ్చేదాన్ని.

అప్పట్లో వార్త పంపాలంటే బస్సే. భద్రాచలం నుంచి ఖమ్మం పోయే తొలి బస్సు కండక్టరుకు కవరు ఇస్తే, ఖమ్మం బస్టాండులో పేపరువాళ్లు పెట్టుకున్న డబ్బాలో వేసేవాడు. నేను రోజూ తెల్లవారే రోడ్డు మీది హోటలుకు పాలు పోయడానికి పోయేదాన్ని కాబట్టి మా మరిది కవరు నా చేతికే ఇచ్చేవాడు.

“వదినా, పాలల్ల నీళ్లు కలుపుతున్నవట. ఇయ్యాల నీ మీదనే రాసిన, జల్దీ పోయి ఇచ్చిరా” అనేవాడు.

“రాసుకో. రేపటి సంది నీ చాయ్‌ల నీళ్లే పోస్త” అనేదాన్ని.

ఆ కవరుకు మూతి అంటించేవాడు కాదు. పోస్టులో పంపే వార్తల కవరు తెరిచే ఉంచాలట, అప్పుడే తక్కువ స్టాంపు పడుతుందట. ఆ అలవాటుతో బస్సులో పోయే కవరు కూడా తెరిచే ఇచ్చేవాడు. ఎన్నో ఏళ్లు నేను అందులోకి తొంగి చూడలేదు. నేను చదివింది మూడో తరగతి. చదవాలన్న కోరికా లేదు, తీరికా లేదు.

ఒకరోజు ఆయన మా పుట్టినూరు పోయి వచ్చాడు. వచ్చి సైకిల్ గోడకు ఆనించి, నేరుగా రాయడానికి కూర్చున్నాడు. అన్నం పెడితే తినలేదు.

“మావోళ్లు బాగున్నరా?” అని అడిగాను.

“ఉన్నరు” అన్నాడు. నా మొహం చూడలేదు.

ఆ చూడకపోవడమే నన్ను పట్టుకుంది. తెల్లవారి హోటల్లో పాలు పోసి, గోడ పక్కన కూర్చుని కవరులోంచి కాగితం బయటికి లాగాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. మా ఊళ్లో వరసగా పిల్లలు జ్వరాలతో పోయారు. ఒంటరిగా ఉండే ఒక ముసలామె చేతబడి చేసిందని ఊరు అనుకుంటోంది. వచ్చే ఆదివారం ఆమెను పంచాయతీకి పిలిచారు, అధికారులు వెంటనే రాకపోతే ఆమెకు అపాయం అని ఉంది. కింద, పంచాయతీ పెట్టిస్తున్న పెద్దల పేర్లు. మొదటి పేరు మా అన్నది.

నా మూడో తరగతి చదువు ఆ పేరు కూడబలుక్కోవడానికి సరిపోయింది.

బస్సు వచ్చింది. కండక్టరు చెయ్యి చాపి, “కవరు లేదామ్మా ఇయ్యాల?” అన్నాడు.

“లేదు” అన్నాను.

ఇంటికి వచ్చి పొయ్యిలో పెట్టాను.

నేనేమనుకున్నానో చెబుతాను. ఆమెకు జరిమానా వేస్తారు, లేదంటే ఊరు వెళ్లగొడతారు అనుకున్నాను. దానికోసం మా అన్న పేరు పేపర్లో పడి, ఇంటి ముందు పోలీసు జీపు ఆగాలా అనుకున్నాను. మా అన్నకు కబురు పెట్టి, ఇందులోంచి తప్పుకో అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెబితే నేను కవరు చదివినట్టు బయటపడుతుంది. ఆ ముసలామె నాకు తెలియని మనిషి కూడా కాదు. చిన్నప్పుడు ఆమె పెరట్లో రేగుపండ్లు ఏరుకు తిన్నదాన్ని.

మా మరిది పోలీస్ స్టేషనుకూ పోయి చెప్పాడు. చూస్తాం అన్నారు. ఆ రోజుల్లో పేపర్లో పడితేనే జీపు కదిలేది. రోజూ పేపరు వచ్చే వేళకు రోడ్డు మీద నిలబడేవాడు. వార్త లేదు. ఆదివారం సైకిల్ వేసుకుని తానే పోయాడు. ఊరి బయటే ఆపి, చేతులు వెనక్కి విరిచి కూర్చోబెట్టారు. ఊళ్లో, మంత్రాలు పలకకుండా అని, ఆమె పళ్లు రాలగొట్టారు. ఆమె అరుపులు ఆయనకు అక్కడిదాకా వినబడ్డాయట. పొద్దుగూకకముందే ఆమె చచ్చిపోయింది.

తర్వాత జీపులు వచ్చాయి. కేసు నిలబడలేదు. సాక్ష్యం చెప్పడానికి ఊళ్లో ఒక్కరూ ముందుకు రాలేదు. మా మరిది చెప్పాడు గాని, నువ్వు ఊరి బయట ఉండి ఏం చూశావన్నారు.

ఆయన ఖమ్మం పోయి పేపరు ఆఫీసులో కొట్లాడి వచ్చాడు. వార్త రానేలేదని వాళ్లన్నారు. అబద్ధం అని ఈయన అరిచాడు. మళ్లీ రావద్దన్నారు. ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నన్ను అడిగాడు.

“వదినా, ఆ కవరు ఇచ్చినవ్ గదా?”

“ఇచ్చిన.”

“కండక్టరు చేతికే?”

“అవ్, చేతికే.”

మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నన్ను నమ్మాడో, తెలిసే ఊరుకున్నాడో నాకు తెలియదు. ఆ కండక్టరుతో మాత్రం బస్సు ఆపి గొడవపడ్డాడు. ఆ తర్వాత కలం పట్టింది తాసీల్దారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టడానికే. ఆయన ముందే, ‘వార్త అమ్ముకున్నడు’ అనుకునేవాళ్లు. వినీ విననట్టు రాసుకుంటూ పోయేవాడు. వదిన చేతి అన్నమే తిని అలాగే పోయాడు.

నేను ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే నాకు పుట్టిల్లు ఉండదు. మా అన్న ఇంకా బతికే ఉన్నాడు. మంచం మీదే ఉంటాడు, కొడుకులు చూసుకుంటున్నారు. ఏడాదికి రెండుసార్లు పోతాను. పోతే మా వదిన లేని ఆ ఇంట్లో నాకు పీట వేసే కోడళ్లున్నారు. అది పోగొట్టుకోవడం ఇష్టం లేక, తమ్ముడిలాంటివాడిని దొంగను చేసి ఊరుకున్నాను.

మిరపకాయల గంప పక్కకు జరిపి, మనవరాలికి ఇదంతా చెప్పాను. అది ఏడవలేదు. నన్ను తిట్టలేదు. ఫోను చేతిలోకి తీసుకుని అడిగింది.

“రాయాల్నా నానమ్మా? నీ తాన ఇంకేం సాక్ష్యం లేదు. నీ మాటొక్కటే.”

“నా మాటొక్కటే. అందుకే రాయి.”

“మీ అన్న పేరు గూడనా?”

“ఆయన పేరు రాయకుంటే నేను ఆ కవరు ఎందుకు కాల్చిననో ఎవనికి అర్థమైతది?”

అది ఫోనులో రాసుకుంటూ కూర్చుంది. నేను కాయలు సంచికెత్తి మూతి కుట్టాను. చేతులు మండుతున్నాయి. కడుక్కున్నా మండుతూనే ఉన్నాయి.

తెల్లవారి లేచి వాకిలి ఊడ్చి, మా అన్న పెద్ద కొడుక్కు ఫోను చేశాను.

“ఏందత్తా, గింత పొద్దుగాల?”

“మీ నాయన లేచిండా?”

“లేచిండు. చాయ్ తాగుతుండు. ఆయనకు ఇయ్యాల్నా ఫోను?”

“వద్దు, నీకే చెప్పాలె. ఆ ముసలామె ముచ్చట పుస్తకంల వస్తది. పంచాయతీ పెట్టించింది మీ నాయనే అని గూడ ఉంటది. చెప్పింది నేనే.”



“ఎప్పటి ముచ్చట అత్తా అది. ముసలోడు ఇయ్యాలో రేపో అన్నట్టున్నడు. గిప్పుడు నీకేం వచ్చింది?”

“వచ్చేదేం లేదు. ముందుగాల నువ్ నా నోట వినాలని చేసిన.”

“అయితే నా నోట గూడ విను. నాయన పోయినా నువ్ రావొద్దు. మా గడప తొక్కకు.”

ఫోను పెట్టేశాడు. మనవరాలు తలుపు దగ్గర నిలబడి వింటోంది.

“పంపాల్నా?” అని అడిగింది.

“పంపు” అన్నాను. పంపింది.