ఆర్పిన బట్టీకి యూరప్ పన్ను

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. నిప్పూ పొగా రెండూ లేకుండానే పన్ను రప్పించిన ఘనుణ్ణి నేను. నా తెలివి మా మామ కార్ఖానాని ఎట్లా ముంచబోయిందో చెబుతాను, మీరు నవ్వుకోండి.

కోరుట్లలో మా మేనమామకు ఇనుప బోల్టులు చేసే కార్ఖానా ఉంది. సిరిసిల్లలో డిగ్రీ అయ్యాక నేనక్కడ మేనేజరుగా చేరాను. మేనేజరంటే ఇంగ్లీషు ఈమెయిళ్ళు చదివేవాడు, అంతే. మా సరుకులో సగానికి పైగా కొనేది యూరప్‌లో ఒక వ్యాపారి. ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. ఇకపై వాళ్ళ దేశంలోకి వచ్చే ఇనుప సరుకు మీద, అది తయారయ్యేటప్పుడు వెలువడిన కర్బనాన్ని బట్టి పన్నట. కొలవడానికి మనిషిని పంపుతారట. పన్ను మోయలేనంత అయితే ఇంకొకరి దగ్గర కొనుక్కుంటారట.

మామ ముఖం వాడిపోయింది. "అల్లుడా, గీ ఆర్డర్ పోతే కార్ఖానకు తాళమేసుడే. ఎట్లరా?"

"రంది పెట్టుకోకు మామా. పొగ ఉంటెనే గద పన్ను? గా కొలిచే మనిషి వచ్చే రోజు బట్టీనే బంద్ పెడదాం."

మన దగ్గర పెద్ద సారు వస్తున్నాడంటే ఏం చేస్తాం? సున్నం కొడతాం, ముగ్గేస్తాం, పాత సామానంతా వెనక్కి నెడతాం. నేనూ అదే చేశాను. బట్టీ ఆర్పించి, చిమ్నీకి తెల్లరంగు వేయించి, బంతిపూల దండ కూడా కట్టించాను. కార్ఖానా పెళ్ళివారి విడిదిలా తయారైంది.

కొలవడానికి హైదరాబాదు నుంచి ఒక మేడం దిగింది. దండను ఒకసారి ఎగాదిగా చూసి, "బట్టీ ఎందుకు ఆగింది?" అని అడిగింది.

"మా దగ్గర పొగనే రాదు మేడం!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"మరి బోల్టులెట్లా తయారవుతున్నాయి?"

"అవి... అయితయి మేడం."

"చెట్టుకు కాస్తయని చెప్పు, అయిపోతది," అని గొణిగాడు మామ.

మేడం నిట్టూర్చింది. "ఎంత బొగ్గు కాలితే ఎంత సరుకు వస్తుందో కొలిస్తే, ఉన్నంతకే పన్ను. కొలవడానికేమీ లేకపోతే యూరప్ వాళ్ళే ఒక లెక్క కట్టేస్తారు. అది బాగా ఎక్కువ."

"ఇప్పుడే ముట్టిస్త మేడం!" అన్నాను. చల్లబడ్డ బట్టీ మళ్ళీ వేడెక్కాలంటే తెల్లారాలి. ఆమె సాయంత్రమే వెళ్ళిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ విడత సరుకంతా ఆ పెద్ద లెక్క మీదే పోయింది. పన్ను బరువు వ్యాపారి మా ధరలోంచి కోసుకున్నాడు. ఇంకోసారి కొలిపించుకోమని గడువిచ్చాడు కాబట్టి ఆర్డరు నిలిచింది.

"లోకంల మంట పెట్టినోళ్లు పన్ను కడుతరు," అన్నాడు మామ. "ఆర్పేసి కట్టినోళ్లం మనమేరా అల్లుడా!"

అందుకే బొగ్గు కుప్ప మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నన్ను చూడ్డానికి ఎవరొచ్చినా, బట్టీ భగభగ మండుతుండగా, ముఖాన మసితోనే ఎదురెళ్తాను. వచ్చింది పిల్లనిచ్చేవాళ్ళయినా సరే.