రద్దు చేసిన నంబరు, రద్దు కాని బిల్లు

పద్దెనిమిది వేల రూపాయల ఫోను బిల్లు అన్యాయంగా నా నెత్తిన పడిందని జనగామలో చాలామందికి చెప్పాను. పాలకుర్తి ఆటోలో కూర్చుని చెప్పేసరికి అది ఇరవై రెండు వేలైంది. అసలు బిల్లు పద్నాలుగు వందల ఎనభై ఆరు. ఆ అంకె చెబితే పక్కవాడు చాయ్ గ్లాసు కూడా కింద పెట్టడు. అందుకని పెంచాను. బిల్లు అన్యాయమన్నది మాత్రం నిజం.

చెల్పూర్ కరెంటు ప్లాంటు స్టోర్స్‌లో పనిచేసిన రోజుల్లో భూపాలపల్లిలో ఒక పోస్ట్‌పెయిడ్ నంబరు తీసుకున్నాను. రిటైరై జనగామకు వచ్చే ముందు ఆ కంపెనీ దుకాణానికి వెళ్లి, నంబరు రద్దు చేయమని కాగితం రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ముప్పై ఏళ్లు స్టోర్స్‌లో ఉన్నవాణ్ని, ముద్ర లేని కాగితాన్ని నేను కాగితమే అనను. అయినా వాళ్లు మరో మూడు నెలలు బిల్లు వేశారు, దాని మీద ఆలస్య రుసుము వేశారు.

ఈ సంగతి బయటపడింది మహబూబాబాద్‌లో, బ్యాంకులో. అక్కడ మా బిడ్డ అంగన్‌వాడీ టీచరు. పదకొండేళ్లుగా అద్దెకుంటున్న రెండు గదుల ఇంటిని ఇంటి ఓనరవ్వ అమ్మకానికి పెట్టింది. నెలలోపు డబ్బు కడితే మా బిడ్డకే ఇస్తానంది. బిడ్డ జీతం ఒక్కటే చూపిస్తే లోను సరిపోదు, నా పింఛను కూడా కలపాలన్నారు. నేను తెల్ల చొక్కా వేసుకుని దర్జాగా వెళ్లి కూర్చున్నాను. బ్యాంకు మేడం కంప్యూటరు తెర నా వైపు తిప్పింది.

"సార్, మీ పేరు మీద ఎగ్గొట్టిన బాకీ చూపిస్తున్నది. స్కోరు బాగా పడిపోయింది. గిది క్లియరయ్యేదాక మా చేతుల ఏం లేదు."

"ఎవడో నా ఆధార్ జిరాక్స్ తోటి సిమ్ము తీసిండు మేడం," అన్నాను.

అన్నాక నాకే అది నిజమనిపించింది. ఒకటి తీయమంటే రెండు తీసి ఒకటి ఉంచుకునే భూపాలపల్లి జిరాక్సు దుకాణం వాణ్ని అనుమానించాను. గ్యాసు కనెక్షనుకని ఒకసారి నా ఆధార్ అడిగి తీసుకున్న అల్లుణ్ని అనుమానించాను. తెర అంత తొందరగా తిప్పినందుకు ఆ మేడంను కూడా వదల్లేదు. మా బిడ్డ మాత్రం వంగి తెర మీది నంబరు చదివింది.

"గిది నీ పాత నంబరే గదా బాపు."

"గది బందు పెట్టించిన బిడ్డా. ముద్రున్నది."

"మరి బాకీ ఉందని వాళ్లు నీకు ఫోనన్న చెయ్యలేదా?"

"ఒక్కటంటే ఒక్కటి రాలే."

ఆ ముద్ర కాగితం ఫొటో తీసి బిడ్డ కంపెనీకి ఫిర్యాదు పంపింది. పది రోజులకు జవాబు వచ్చింది. నంబరు రద్దైన మాట నిజమే, తప్పు మాదే, బిల్లు కొట్టేశాం అన్నారు. నేను మీసం దువ్వుకున్నాను. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. వినియోగదారుడు చనిపోయినట్టు ఆయన తమ్ముడు ఫోనులో తెలియజేశారు. కాబట్టి ఆయన బతికే ఉన్నట్టు రుజువయ్యేవరకు రికార్డు సవరించలేం.

మా బిడ్డకు ఒళ్లు మండిపోయింది. "సూసినవా బాపు, బతికున్న మనిషిని సంపిండ్లు దొంగలు! నీకు తమ్ముడే లేకపాయె! గా ఫోను రికార్డు పంపుమని రాస్త."

"ఎందుకు బిడ్డా లొల్లి. బిల్లు తీసేసిండ్లు గదా, పోనియ్."

చాయ్ హోటల్లో చాయ్ చల్లగా ఉందని గంటసేపు తగువులాడే మనిషిని నేను. అలాంటివాణ్ని పోనియ్ అనేసరికి బిడ్డ నా ముఖం వైపు కాసేపు అలాగే చూసింది. అప్పటిదాకా నేను అందరినీ అనుమానించాను. ఇక నా వంతు వచ్చింది.

నాలుగు రోజులకు రికార్డింగు వచ్చింది. మధ్యాహ్నం బిడ్డ తన అద్దె ఇంటి వాకిట్లో పెట్టి వినిపించింది. ఓనరవ్వ పక్కనే కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు చేటలో వేస్తోంది. ముందు ఒక ఆడపిల్ల గొంతు, మర్యాదగా ఉంది.

"సార్, మీరు భూపాలపల్లిలో తీసుకున్న నంబరు మీద పద్నాలుగు వందల ఎనభై ఆరు రూపాయల బిల్లు పెండింగులో ఉంది. ఆ బిల్లు తప్పనుకుంటే చెప్పండి సార్, అభ్యంతరం రాసుకుంటాను."

తర్వాత ఏడుపు గొంతు. నాదే.

"గా బిల్లు ముచ్చటనా అమ్మా? అన్న పోయి మూడు నెలలాయె. నేను ఆయన తమ్మున్ని. దినాలకు రెండు వేలమంది తిన్నరు. పెద్ద పెద్దోళ్లు కార్లేసుకొని వచ్చిండ్లు."

"అయ్యో, సారీ సార్..."

ఇంతలో వెనకనుంచి, వంటింట్లోంచి, మా ఆవిడ కేక. "ఎవలు పోయిండ్లయ్యా? నాకు చెప్పకపోతివి!" అక్కడ ఫోను తెగింది.

అవ్వ చేటలోని గింజలు ఒలికిపోయేలా నవ్వింది. బిడ్డ నవ్వలేదు.

"బాపు, మోసగాళ్లేమోనని భయపడి గట్ల చెప్పినవా?"

నేను దాటిపోవడానికి తనే దారి చూపింది. సంతోషంగా ఆ దారి పట్టాను. "ఔ బిడ్డా. ఫోనెత్తితే చాలు, తెల్వనోళ్లకు ఏం చెప్పకుండ్రి అని మొత్తుకుంటరు గదా."

బిడ్డ రికార్డింగు మళ్లీ మొదటినుంచి పెట్టింది. అభ్యంతరం రాసుకుంటానన్న దగ్గర ఆపింది.

"గా పిల్ల నీ ఊరు చెప్పింది, బిల్లెంతో చెప్పింది. పైసలు కట్టుమని గూడ అన్లే. తప్పైతే రాసుకుంటా అన్నది. నువ్వు ఔ అంటే గానాడే ఒడిసిపోతుండె. నిజం చెప్పు బాపు. నీకు తెల్సా, తెల్వదా?"

"తెల్సు," అన్నాను.

రద్దు కాగితంలో రాసిచ్చిన నా ఇంకో నంబరుకు నాలుగు ఫోన్లు వచ్చాయి. మొదటిది మోసమే అనుకున్నాను, అది అబద్ధం కాదు. రెండో ఫోనుకే అసలు సంగతి తెలిసిపోయింది. కానీ ముద్ర వేసిన కాగితం నా పెట్టెలో ఉందన్న పొగరు. తప్పు వాళ్లది, తిరగనీ అనుకున్నాను. ఆ తిప్పలు పడాల్సింది నా కూతురని నాకు తట్టలేదు. దినాలకు రెండు వేలమంది అన్నది మాత్రం మాట ఊపులో వచ్చింది.

అవ్వ ఇచ్చిన గడువులో ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. కాగితాలు అప్పటికి కావని బిడ్డ అవ్వకు అక్కడే చెప్పేసింది.

"బయ్యారం నుంచి ఒకాయన పైసలు సంచిల పెట్టుకొని తిరుగుతున్నడు బిడ్డా," అంది అవ్వ. నవ్వు పోయింది. కాసేపు గింజలు ఏరింది. "ఇంకో పదిహేను దినాలు సూస్త. నిన్ను సూసి ఆగుతున్న. మీ నాయినను సూసి గాదు."

మరునాడు మహబూబాబాద్‌లోని కంపెనీ దుకాణానికి వెళ్లాం. బతికే ఉన్నామని పింఛనుదారులం ఏటా ఇచ్చే కాగితం ఉంటుంది కదా, దాన్ని కూడా పట్టుకుపోయాను. వేలు పెట్టమన్నారు, పెట్టాను. కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు, ఆర్పాను. ఒక ఫోను వస్తుంది, అది కూడా అయితేనే పూర్తవుతుంది అన్నారు. రెండు రోజులు ఎదురుచూశాక ఏదో తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. పుట్టిన తేదీ అడిగారు. తెలియనివాళ్లకు తేదీ చెప్పాలంటే నాకు నోరు రాలేదు. బిడ్డ ఎదురుగా నిలబడి ఉంది. చెప్పాను.

"సార్, మీరు చనిపోయినట్టు మాకు ఎవరు చెప్పారో మీకు తెలుసా?"

పిల్లలెవరో ఆడుకుంటూ అన్నారని చెప్పొచ్చు. చెవిటివాణ్నని చెప్పొచ్చు. అప్పటికప్పుడు ఒక తమ్ముణ్ని పుట్టించి వాడి మీదికి కూడా తోసేయొచ్చు.

"నేనే చెప్పిన అమ్మా," అన్నాను.

"సరే సార్, నోట్ చేసుకుంటున్నాను," అంది ఆ అమ్మాయి.

అవ్వ ఇచ్చిన పదిహేను రోజుల్లో పదమూడో రోజున రికార్డు సవరించారు. బ్యాంకువాళ్లు మర్నాడే రమ్మన్నారు. మేడం ముందు కూర్చుని సంతకాలు పెట్టాం, ముందు బిడ్డది, కింద నాది. నేను నింపి సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ బిడ్డ లాక్కుని పైనుంచి కింది దాకా చదువుతోంది. ఊరు సరిగ్గా రాశానా, వయసు తగ్గించానా, పింఛను పెంచానా అని.

"నా మీద గింత గూడ నమ్మకం లేదా బిడ్డా?"

"లేదు బాపు. గా పేజీ తిప్పు."

తిప్పాను.